లెక్కలోంచి తీసేసిన కోడి

అచ్చయిన పత్రంలో ఆరో పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది:
"దిగువ ఊళ్ళో ఒక కోడిని లెక్కలోంచి తీసేశాం."
ఎందుకో రాయలేదు.
ఎందుకో నాకు తెలుసు.

సింగిడాలో వానల ముందు గాలి లేస్తుంది.
పొద్దుతిరుగుడు మోళ్ళ మీదుగా దుమ్ము నడిచొచ్చినట్టే
కిదేరి నడిచొస్తుంది,
సంత నుంచి తిరిగొచ్చే సైకిలు హ్యాండిలుకి
తలకిందులుగా వేలాడే కోళ్ళ వెంట.
ముందు ఒక పెట్ట మెడ మెలితిప్పి ఆకాశాన్ని చూస్తుంది,
గద్ద ఏమైనా ఉందా అన్నట్టు.
ఆకుపచ్చగా పారుతుంది. రెక్కలు జారేస్తుంది.
నాలుగో రోజుకి పెరట్లో చప్పుడుండదు.
కోడి చస్తే ఎవరేడుస్తారు?
ఆ ఏడు పిల్లలకి నోటు పుస్తకాలు రావు, అంతే.

మా మందు చవక. కంట్లో ఒక్క చుక్క.
కోడి రెప్ప వేసేదాకా ఆగాలి.
ఎగువ ఊరికి మందు, దిగువ ఊరికి ఉత్త నీళ్ళు,
రెండు సీసాల్లోనూ ఒకటే నీలం.
ఏదో ఒకటి పడుతుందని చెప్పే వేలిముద్రలు తీసుకున్నాం.
కలిపేవాణ్ణి నేనే కాబట్టి
ఏ నీలం ఉత్తదో నాకు తెలుసు.
"పోల్చి చూడాలంటే ఎక్కడో ఒకచోట చావాలి కదా"
అన్నాడు డాక్టర్ కింగు.
అని, టీ చల్లారేదాకా కప్పు ముట్టుకోలేదు.

దిగువ ఊళ్ళో చివరిల్లు బీబీ ఫెలిస్తాది.
గిన్నెకోడి లాంటి చుక్కల పెట్ట,
కాలికి మేం కట్టిన రేకు మీద నూట పదిహేడు,
ఆవిడ పెట్టిన పేరు తగవులమారి.
పగిలిన కుండలో పదకొండు గుడ్ల మీద కూచుని
చెయ్యి పెడితే నా మణికట్టు పొడిచింది.
ఎడమ కంట్లో ఉత్త చుక్క వేశాను.
"మీ నీళ్ళు దానికి నచ్చలేదు" అని నవ్వింది.

నీళ్ళు అంది.
తెలిసి అనలేదు.
ఏమీ అడగలేదు కూడా. అడిగుంటే కాదనేవాణ్ణి,
నియమం నోట్లో సిద్ధంగానే ఉంది.

మంచుపెట్టెలో ఎగువ ఊరి సీసా అడుగున
పొద్దున మిగిలింది కొంచెం ఉంది,
సాయంత్రం పారబొయ్యాల్సింది.
ఆవిడ నాకు నీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది.
కోడి ఒక కన్నుతో నన్ను చూసింది.
ఆ కంట్లోనే ఇంకో నీలం పడింది.
రెప్ప వేసేదాకా ఆగాను.

ఐదో వారం గాలి వచ్చింది.
దిగువ ఊళ్ళో నూట నలభైలో తొమ్మిది మిగిలాయి.
మిగతావాటిని నేనే కోసి చూశాను వరసగా:
ముందు పొట్ట గోడ మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు.
ఒకదాని కడుపులో పెంకు కట్టిన గుడ్డు,
రేపు పెట్టాల్సింది, ఇంకా వెచ్చగా.
నష్టానికి కారణం అన్న గడిలో కిదేరి అని ఒకసారి రాసి
కింద రెండు గీతలు, రెండు గీతలు, రెండు గీతలు.

మూడో రాత్రి డాక్టర్‌కి చెప్పాను.
కళ్ళజోడు తీశాడు. నంబరు అడిగాడు.
స్కేలు పెట్టి ఆ వరస కొట్టేశాడు.
"ఒక్కదానికేనా?"
ఒక్కదానికే.
"ఎందుకు ఒక్కదానికే?"

ఆ ప్రశ్నకి మా కాగితంలో గడి లేదు.

కొత్త జొన్న ఇళ్ళకి చేరాక దిగువ ఊరికీ అసలు మందు తీసుకెళ్ళాను.
బీబీ ఫెలిస్తా తగవులమారిని ఒళ్ళో బిగించి పట్టుకుంది.
చుట్టూ పెట్టలు, పుంజులు, అన్నీ దాని సంతానమే.
"ఈసారి కుడి కంట్లో వెయ్యి" అంది.
నేను మూత తిప్పుతున్నాను.
"అప్పుడు ఎడమ కంట్లో రెండు చుక్కలు వేశావు."
కోడి రెప్ప వేసింది.
"ఎవరికీ చెప్పలేదులే."

పక్కింట్లో టెక్లా గుమ్మంలో నిలబడి
మా ఇద్దరినీ చూస్తోంది.
ఆమె వెనక పెరడు శుభ్రంగా ఉంది,
ఊడ్చినట్టు, ఒక్క ఈక లేకుండా.